ఫైలు పైభాగం ఎవరూ చదవరు

బంద్ అంటే నాకు పడేది కాదు. ఆ రోజుల్లో కలకత్తాలో బంద్ అంటే అందరికీ పండగే. నడిరోడ్డు మీద ఇటుకలు పేర్చి క్రికెట్ ఆడేవాళ్ళు, ఇళ్ళల్లో తీరిగ్గా చేపలు వేయించుకుని తిని పడుకునేవాళ్ళు. నాకు మాత్రం పేపర్లో ఆ వార్త కనబడగానే కడుపులో మండేది. మా ఇల్లు గార్డెన్ రీచ్‌లో, నాన్నకి ఉద్యోగంతోపాటు ఇచ్చిన పోర్టు క్వార్టర్లో. బస్సు లేకపోతే నేను కదిలే దారి లేదు. నాతో పనిచేసే అతనేమో భవానీపూర్‌లో, మా ఆఫీసుకి నాలుగిళ్ళ అవతల, ఒక మెస్‌లో మంచం అద్దెకి తీసుకుని ఉండేవాడు. బంద్ రోజు లేచి, మొహం కడుక్కుని, చెప్పులేసుకుని నడిచొస్తే చాలు. ఆఫీసు తాళం అతని దగ్గరే ఉండేది. ఆరు కంప్యూటర్లు, ఒక ఇంటర్నెట్ కనెక్షన్, రోజంతా అతనొక్కడికే.

అతను దేనివల్ల పేరు తెచ్చుకున్నాడో అదంతా ఆ బంద్ రోజుల్లోనే రాశాడు. నాకూ ఆ మెస్‌లో ఒక మంచం ఉంటే నేనూ రాసేదాన్నని చాలా ఏళ్ళు నమ్మాను. ఆ నమ్మకం ఇప్పుడు కొంచెం సడలింది గానీ పూర్తిగా పోలేదు.

మా ఆఫీసంటే ఒక మందుల షాపు మీద రెండు గదులు. యజమానిని అందరం దాదా అనేవాళ్ళం. అంతకుముందు కాలేజీలో లెక్కలు చెప్పిన మనిషి, కోపమొస్తే చెయ్యి సుద్దముక్క కోసం వెతుక్కునేది. లెఫ్ట్ ప్రభుత్వం ఇంకా గట్టిగానే ఉంది. ఒకప్పుడు కంప్యూటర్లొస్తే పనులు పోతాయని ఊరేగింపులు తీసిన పార్టీవాళ్ళే అప్పటికి కంప్యూటర్ పార్కులకి రిబ్బన్లు కత్తిరిస్తున్నారు. మా నాన్న డాక్‌లో ఖలాసీ. ఆ పాత ఊరేగింపుల్లో ఎర్రజెండా పట్టుకుని నడిచినవాడే. నాకు కంప్యూటర్ ఉద్యోగం వచ్చిన రోజు ఆ ఊరేగింపులు తీసిన యూనియన్ ఆఫీసులోనే రసగుల్లాలు పంచాడు.

నేను చేరిన మూడేళ్ళకి అతను వచ్చాడు. వరంగల్ వైపు ఊరు, నాకంటే రెండేళ్ళు చిన్న. మొదటిరోజే అక్కా అన్నాడు. ఆఫీసులో తెలుగు మాట్లాడే మనిషి దొరికాడని సంబరపడ్డాను. ఆ సంబరం ఒక ఏడాది ఉంది.

నా పని ఆసుపత్రుల సాఫ్ట్‌వేర్. రోగి పేరు రాసుకోవడం దగ్గర్నుంచి డిశ్చార్జి కాగితం దాకా మొత్తం నేనే రాశాను, నాలుగేళ్ళు పట్టింది. దాంట్లో ఒక చిక్కు తెగేది కాదు. బెంగాలీ ఇంటిపేర్లకి రెండేసి రూపాలుంటాయి. ఒకే మనిషి ఒకసారి ముఖర్జీ అని రాయిస్తాడు, ఇంకోసారి ముఖోపాధ్యాయ అంటాడు. కంప్యూటర్ దృష్టిలో వాళ్ళు ఇద్దరు రోగులు. అతను ఆ చిక్కు పట్టుకున్నాడు. రెండు పేర్లు ఇస్తే, ఇద్దరూ ఒకరేనా కాదా అని చెప్పే చిన్న ప్రోగ్రాం ఒకటి మొదలుపెట్టాడు. మొత్తం ఒకే ఒక్క ఫైలు. నా సాఫ్ట్‌వేర్ పక్కన పెడితే అదెంత, గోరంత.

ఒక ఆదివారం అతన్ని మా ఇంటికి భోజనానికి పిలిచాను. అమ్మ "కూకో బాబూ, మొహమాటమేటి" అంటూ చేపల పులుసు మూడుసార్లు వడ్డించింది. తింటూండగా నాన్న తన రేషన్ కార్డు తీసుకొచ్చి పాత కథ ఎత్తుకున్నాడు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం. ఆ కార్డు రాసిన గుమాస్తా ఎవరో మొదటి మాటే మనిషి పేరనుకున్నాడు, చివరనున్న రావు ఇంటిపేరనుకున్నాడు. అప్పట్నుంచి ఏ కాగితంలోనైనా నాన్నని ఇంటిపేరుతోనే పిలిచారు. డాక్‌లో మా శ్రీకాకుళం వాళ్ళంతా కాగితాల మీద ఒకే రావుల కుటుంబం అయిపోయారు. ఒకసారి ఏదో క్లినిక్‌లో ఇంకో రావు ఎక్స్‌రే నాన్న చేతిలో పెట్టి పంపించారు. ఇంటికొచ్చాకగానీ తెలీలేదు.

"నా పేరేటని నన్నెవుడూ అడగనేదు బాబూ," అన్నాడు నాన్న. "ముప్పై ఏళ్ళు మా తాతల పేరుకే పలికినాను."

అతను తినడం ఆపేసి ఆ కార్డు తిప్పి తిప్పి చూశాడు. మర్నాడు ఆఫీసులో నా పక్కన కుర్చీ వేసుకుని తెలుగు పేర్ల సంగతి అడిగాడు. ఇంటిపేరు ఎక్కడొస్తుంది, పొడి అక్షరాలైతే ఎలా, రావు అన్నది ఇంటిపేరు ఎప్పుడు కాదు. నేను ఒక మధ్యాహ్నమంతా కూర్చుని రూల్ మొత్తం కాగితం మీద రాసిచ్చాను. రెండ్రోజుల తర్వాత "అక్కా, నీ రూల్ ఎక్కించిన" అన్నాడు. మంచిది అన్నాను.

ఆ ప్రోగ్రాం పూర్తికాగానే దాన్ని నా సాఫ్ట్‌వేర్‌లో కలిపాం. అతను దాన్ని ఇంటర్నెట్లో కూడా పెట్టి ఊరికే ఇచ్చేస్తానన్నాడు. దాదా నవ్వి, ఇచ్చెయ్, మన ముఖర్జీల గొడవ ఎవడికి కావాలి అన్నాడు. ఊరికే ఇవ్వడానికి కూడా ఒక కాగితం ఉంటుంది, దాన్ని లైసెన్సు అంటారు. వాటిలో ఒక రకం కఠినమైనది. ఆ కోడ్‌ని కలుపుకుని అమ్మేవాడు తన కోడ్ కూడా బయటపెట్టాలి. వ్యాపారస్తులు దాని పేరు వింటేనే జడుసుకుంటారు. అతను పెట్టింది అది కాదు, రెండోది, చాలా మెత్తనిది. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, తమ సరుకులో కలిపి అమ్ముకోవచ్చు, ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు. ఒకటే షరతు. ఫైలు పైభాగంలో ఎవరు రాశారో చెప్పే పేర్లూ, ఈ లైసెన్సు చెప్పే నాలుగు వాక్యాలూ ఉంటాయి. ఫైలు ఎక్కడికెళ్తే అవీ అక్కడికి వెళ్ళాలి. చెరపకూడదు.

నా కడుపుమంట అక్కణ్ణుంచి మొదలు. ముందు ఫిన్లాండ్ నుంచి ఒక మెయిల్ వచ్చింది. తర్వాత బ్రెజిల్, కేరళ. ముఖర్జీల గొడవ అందరికీ ఉందన్నమాట, ఎవరి ముఖర్జీలు వాళ్ళకున్నారు. వాళ్ళ పేర్ల రూల్స్ రాసి పంపేవాళ్ళు, అతను వాటిని కలిపేవాడు. ఎవరో కాలేజీ పిల్లలు అతన్ని చూడ్డానికి మా మెట్లెక్కి వచ్చి, నన్ను రిసెప్షనిస్టు అనుకుని, దిది, ఆయన ఉన్నారా అని అడిగారు. ఉన్నారు అని చెప్పి పంపించాను. ఆ రోజు అన్నం సహించలేదు.

దాదాకి కూడా అప్పుడు మెలకువ వచ్చింది. అయ్యో, దీని మీద పేటెంట్ తీసుకోవాల్సింది అని చేతులు నలుపుకున్నాడు. తెలిసిన వకీలుని అడిగితే, ఈ దేశంలో ఉత్త ప్రోగ్రాం మీద పేటెంట్ ఇవ్వరు, పైగా ఊరందరికీ చూపించేసిన తర్వాత ఎవరూ ఇవ్వరు అని చెప్పాడట. దాదా రెండ్రోజులు దిగులుగా ఉన్నాడు. నేను ఆ రెండ్రోజులూ హాయిగా ఉన్నాను.

ఇంట్లో కూడా తప్పించుకునే వీల్లేదు. వారానికోసారి నాన్న, ఆ బాబు ఎలాగున్నాడు, మళ్ళీ ఎప్పుడొస్తాడు అనేవాడు. నేను ఎలాగున్నానో అడగడానికి ఎదురుగానే ఉన్నాను కాబట్టి అడగలేదేమో. అయినా మండింది.

అన్నిటికంటే ఎక్కువ మండిన రోజు ఒకటుంది. మలేషియా నుంచి ఎవరో తెలుగాయన మెయిల్ రాశాడు. తన జన్మలో మొదటిసారి ఒక కంప్యూటర్ తన ఇంటిపేరుని ఇంటిపేరుగా గుర్తించిందని, రాసినవాళ్ళకి దణ్ణం పెడుతున్నానని. అతను దాన్ని గట్టిగా అందరికీ చదివి వినిపించాడు. దాదా లేచొచ్చి అతని వీపు తట్టాడు. అది నా రూల్. నా చేత్తో రాసిన కాగితం. అతను తలెత్తి నన్ను చూసి నవ్వాడు. ఆ నవ్వు నాకు అర్థం కాలేదు, వెక్కిరింత కింద జమకట్టాను. నాది అని నోరు విప్పి అడిగితే చిన్నదాన్నవుతానని మాట్లాడలేదు. ఆ రోజు నుంచి అతని ప్రోగ్రాం ఉన్న పేజీ తెరవడం కూడా మానేశాను.

తర్వాతి ఏడాది ఒక విదేశీ కంపెనీవాళ్ళు మా ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ కొంటామని వచ్చారు. కొంటే న్యూ టౌన్‌లో కొత్త ఆఫీసు పెడతారు, ఇరవైమంది పనిచేస్తారు, సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళే దానికి హెడ్. రాసింది నువ్వే కదా, ఆ కుర్చీ నీదే అని దాదా నాకు ముందే చెప్పాడు. నేను అమ్మకి కూడా చెప్పేశాను. ఒక ఆదివారం బస్సెక్కి వెళ్ళి ఆ ఇంకా పూర్తికాని బిల్డింగుని కిందనుంచి చూసి వచ్చాను.

వాళ్ళు ముగ్గురొచ్చారు. మూడు గంటలసేపు నా నాలుగేళ్ళ పని చూసి మర్యాదగా తలలూపారు. పేర్లు కలిపే భాగం రాగానే ముగ్గురూ కుర్చీలు ముందుకి జరుపుకున్నారు. మళ్ళీ చూపించమన్నారు. ఇది ఎవరు రాశారు అని అడిగారు. అతను ఆ వారం హైదరాబాద్‌లో ఉన్నాడు, ఏదో కాలేజీవాళ్ళు పిలిస్తే ఆ ప్రోగ్రాం గురించే ఉపన్యాసం ఇవ్వడానికి. దాదా పక్కగదిలో ఫోన్లో ఉన్నాడు. ఇక్కడే, నా దగ్గరే తయారైంది అన్నాను. బయటి కోడ్ ఏమైనా ఉందా అని అడిగారు. లేదు అన్నాను. వాళ్ళ ఫారంలో లేదు అని రాసుకున్నారు. సోమవారం వచ్చి కోడ్ మొత్తం కాపీ తీసుకుంటామన్నారు.

అప్పుడు గుర్తొచ్చింది, ఆ ఫైలు పైన అతని పేరుంది. శనివారం ఆఫీసులో జనం ఉంటారు. శుక్రవారం బంద్.

బంద్ రోజు నేను ఆఫీసుకి వెళ్ళడం అదే మొదటిసారి. గార్డెన్ రీచ్ నుంచి ఖిద్దిర్‌పూర్, అక్కణ్ణుంచి అలీపూర్ మీదుగా భవానీపూర్ దాకా నడిచాను. ఇన్నేళ్ళూ బస్సు లేకపోతే కదల్లేను అని ఏడ్చినదాన్ని, కుళ్ళుతో మాత్రం రెండు గంటల్లో చేరిపోయాను. ఖిద్దిర్‌పూర్ దగ్గర క్రికెట్ ఆడుతున్నవాళ్ళు బంతి ఆపి నాకు దారిచ్చారు. తాళం కింద కాపలా ఉండే దర్వాన్ దగ్గర పెట్టి హైదరాబాద్ వెళ్ళాడతను. దర్వాన్ నన్ను చూసి, దిది, మీరా అన్నాడు.

ఫైలు తెరిచాను. మేం వాడే ఎడిటర్ ఆ పైభాగాన్ని మడిచేసి ఒక్క గీతలాగా చూపించేది. దాన్ని చదివే ప్రోగ్రామరు నాకు ఇంతవరకు తగల్లేదు. ఫైలు తెరవగానే కిందికి వెళ్ళిపోతాం, పని అక్కడుంటుంది. నేనూ అంతే. ఆ గీత మీద కర్సర్ పెట్టి, విప్పి చూడకుండా, ఒక్క మీట నొక్కి తీసేశాను. ఎవరు ఏ ఫైలు ఎప్పుడు మార్చారో రాసుకునే ప్రోగ్రాం ఒకటుంటుంది, అది కారణం అడిగింది. ఖాళీ వరసలు తీశాను అని రాశాను. ఆ చిట్టా కూడా ఎవరూ చదవరు.

తర్వాత కాసేపు అతని కుర్చీలో కూర్చున్నాను. కింద మందుల షాపు మూసుంది, రోడ్డు మీద ఒక్క హారన్ లేదు. ఇంత నిశ్శబ్దం ఇస్తే ఎవరైనా రాస్తారు అనుకున్నాను. మళ్ళీ రెండు గంటలు నడిచి ఇంటికెళ్ళాను. అమ్మ నా మడమలకి కొబ్బరినూనె రాస్తూ, బంద్ నాడు ఆఫీసేటమ్మా అని అడిగింది. అర్జెంటు పని అని చెప్పాను.

రెండు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం దాదా అతన్నీ నన్నూ తన గదిలోకి పిలిచి తలుపు వేశాడు. ఫోను స్పీకర్లో పెట్టి ఉంది. అవతల ఆ కంపెనీ లాయరు, ఆవిడ గొంతులో కోపం లేదు. కొనేముందు కోడ్ మొత్తాన్నీ బయట ఉచితంగా దొరికే కోడ్‌తో పోల్చి చూసే పద్ధతి తమకుందని చెప్పింది. మా సాఫ్ట్‌వేర్‌లో ఒక ఫైలు బయట ఉన్న ఒక ఫైలుతో అక్షరం పొల్లుపోకుండా కలిసిందట. పైభాగం ఒక్కటే లేదట. ఆ లైసెన్సు మీకు అన్నీ ఇచ్చింది, ఒక్కటి తప్ప, మీరు సరిగ్గా ఆ ఒక్కటే చేశారు అంది. పైగా ఫారంలో బయటి కోడ్ లేదని ఉంది, కాబట్టి అమ్మకం ఆగిపోయింది.

దాదా చెయ్యి బల్లమీద సుద్దముక్క కోసం వెతుక్కుంటోంది. అతను నేలకేసి చూస్తున్నాడు. నేను ఎవరికేసీ చూడ్డంలేదు.

సరిచేయడం కష్టం కాదు అందావిడ. పైభాగం తిరిగి పెట్టండి, తప్పు ఎవరు చేశారో రాయండి, దాని గురించి తమకి ఏ ఫిర్యాదూ లేదని హక్కుదార్లు ఇద్దరి చేతా ఉత్తరం ఇప్పించండి.

ఇద్దరా అన్నాడు దాదా. ఒక్కడే కదా, నా ఎదురుగానే ఉన్నాడు.

ఆవిడ కాగితం చూసి చదివింది. ముందు అతని పేరు. తర్వాత నా ఇంటిపేరు, ఆ తర్వాత నా పేరు. ఎక్కడో సముద్రాల అవతల పుట్టిన మనిషి, మా ఇంటిపేరు ముందు, నా పేరు వెనకాల, ఎలా ఉండాలో అలాగే చదివింది. నాన్నని ముప్పై ఏళ్ళలో ఎవరూ అలా చదవలేదు.

దాదా నా మొహంలోకి చూశాడు. ఇంతకీ ఆ పైభాగం తీసిందెవరు అని ఫోనులో ప్రశ్న వచ్చింది. నేను నోరు తెరిచేలోపల అతను అందుకున్నాడు. ఎడిటర్‌లో అది మడిచి ఉంటుంది, పొరపాటున ఎవరి చెయ్యో తగిలి పోయి ఉంటుంది అని చెప్పాడు. అతనికి తెలుసు. ఆ చిట్టా చదివే మనిషి మా ఆఫీసులో ఎవరైనా ఉంటే అతనే.

"నేనే తీశాను," అన్నాను. "కావాలని తీశాను."

నిజాయితీ పొంగుకొచ్చి చెప్పలేదు. నన్ను కాపాడిన మంచితనం కూడా అతనికే దక్కుతుందే అని ఓర్చుకోలేక చెప్పాను.

ఫోను పెట్టేశాక దాదా లేచాడు. ఎవరైనా తమ పేరు తాము చెరుపుకుంటారా అని బెంగాలీలో మెల్లగా అడిగి బయటికెళ్ళాడు. నేను నా సీటు దగ్గరికొచ్చి, ఏడాదిన్నర తర్వాత మొదటిసారి ఆ పేజీ తెరిచి పైభాగం చదివాను. నాలుగు వాక్యాలకి పైన రెండు పేర్లు. నా పేరు పక్కన, తెలుగు ఇంటిపేర్ల రూల్ ఈమెది అని ఉంది. అతను నా వెనక వచ్చి నిలబడ్డాడు. నా పేరు ఎప్పుడు పెట్టావు అని తిరగకుండానే అడిగాను.

"రూల్ ఎక్కించిన రోజే పెట్టిన అక్కా. ఎక్కించిన అని నీకు చెప్పిన గదా," అన్నాడు. "ఆ మలేషియా మెయిల్ చదివినప్పుడు నీ దిక్కే చూసిన. నువ్వేం మాట్లాడలే. పేరు పెట్టుడు నీకు నచ్చలేదనుకున్న."

ఉత్తరం దాదాయే టైపు చేశాడు. పైన, తప్పు చేసినవారు అని నా పేరు. కింద, ఆ తప్పు మీద ఫిర్యాదు లేనివారు అని అతని పేరూ, మళ్ళీ నా పేరూ. అతను చదవకుండానే సంతకం పెట్టి కలం నా వైపు జరిపాడు. నన్ను నేనే క్షమిస్తూ సంతకం పెట్టాను. ఆ కాగితంలో నా పేరు రెండుచోట్ల ఉంది, అతనిది ఒక్కచోటే. అప్పుడు కూడా, ఎంత సిగ్గుతో ఉన్నా, దానికీ కుళ్ళుకున్నాను.

అమ్మకం జరిగింది. న్యూ టౌన్ కుర్చీ అతనికిచ్చారు. వద్దంటాడేమోనని ఒక వారం ఆశపడ్డాను, అతను వద్దనలేదు. నన్ను ఉద్యోగంలోంచి తియ్యలేదు, భవానీపూర్‌లో అదే సీట్లో ఉంచారు. బంద్ రోజుల్లో తాళం ఇక దర్వాన్ దగ్గరే ఉండేది. నేను ఎప్పుడూ అడగలేదు.

అతను న్యూ టౌన్‌కి మారిపోయే ముందు ఆ పైభాగాన్ని ప్రింటు తీసి ఇంటికి పట్టుకెళ్ళాను. నాన్న కళ్ళద్దాలు పెట్టుకుని ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కున్నాడు. ఇంటిపేరు దగ్గర వేలు ఆపాడు, తర్వాత నా పేరు దగ్గరికి జరిపాడు, మళ్ళీ వెనక్కి తెచ్చాడు.

"మన ఇంటిపేరు ముందెట్టినాడు," అన్నాడు. "ఆ బాబు సానా మంచోడు. మరి దీన్లో నువ్వేటి సేసినావమ్మా?"

రూల్ చెప్పాను అన్నాను. ఇంకేం చేశానో చెప్పలేదు. నాన్న పోయేదాకా చెప్పలేదు.

ఒకసారి మళ్ళీ తీసుకురా, అమ్మ చేపల పులుసు పెడతాది అన్నాడు నాన్న. అలాగే అన్నాను. ఆ తర్వాత కూడా ప్రతి పండక్కీ అడిగేవాడు, ఈ ఆదివారం వస్తాడేటి అని. ప్రతిసారీ అలాగే అన్నాను. తీసుకెళ్ళలేదు.